అమెరికా నగర సంస్కరణోద్యమాన్ని గది నుంచి కోర్టు దాకా చదవడం ఎలా?

పారిశ్రామిక యుగంలో అమెరికా నగరాల్లో సాగిన సంఘ సంస్కరణోద్యమాల మీద వ్యాసమో, సెమినార్ పత్రమో, తరగతి పాఠమో సిద్ధం చేయబోయేవారు సాధారణంగా చట్టాల జాబితాతో మొదలుపెడతారు. 1893లో ఇల్లినాయ్ రాష్ట్రపు ఫ్యాక్టరీ తనిఖీ చట్టం, 1901లో న్యూయార్క్ అద్దె ఇళ్ల చట్టం, 1906లో మాంసం తనిఖీ చట్టం, ఇలా సంవత్సరాలు వరుసగా రాసుకుంటూ పోతారు. నేనూ మొదట అలాగే చదివాను. నోటుపుస్తకం నిండింది గాని, వీటివల్ల ఏ ఒక్క వీధిలోనైనా ఏం మారిందని అడిగితే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. చట్టం వచ్చిన సంవత్సరం నిజానికి కథ నడుమ భాగం. అంతకు ముందు ఎవరో గదులు కొలిచి, మనుషులను లెక్కపెట్టి, ఆ లెక్కను పదిమందికీ చూపించి ఉంటారు. ఆ తరువాత ఎవరో జీతం తీసుకుని తలుపు తట్టి తనిఖీ చేసి ఉంటారు, లేదా చేయకుండా ఊరుకుని ఉంటారు. ఆ తనిఖీని మరెవరో కోర్టులో సవాలు చేసి ఉంటారు. కాబట్టి ఒకే ఒక ఫిర్యాదును పట్టుకుని, అది పుట్టిన గది నుంచి న్యాయస్థానం దాకా వెంటపడి చదవడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి.

ముందు చోటును కుదించుకోవాలి

"అమెరికా నగరాలు" అన్నది అధ్యయనానికి పనికివచ్చే అంశం కాదు, అది గ్రంథాలయంలో ఒక బీరువా. 1870 నుంచి 1920 వరకు ఉన్న కాలంలో ఒక నగరాన్ని, ఆ నగరంలో ఒక వార్డును, ఆ వార్డులో ఒక ఇబ్బందిని ఎంచుకోవాలి. న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్‌లో గాలి వెలుతురు లేని ఇళ్లు, చికాగో 19వ వార్డులో చెత్త లేదా బాల కార్మికుల సమస్య, పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారాల్లో ప్రమాదాలు, ఫిలడెల్ఫియా ఏడవ వార్డులో నల్లజాతి కుటుంబాల ఉపాధి, ఇవన్నీ మంచి ఎంపికలే, ఎందుకంటే వీటి గురించి ఆ కాలంవారే వివరంగా రాసిపెట్టారు. మద్యనిషేధాన్ని మాత్రం మొదటి అంశంగా తీసుకోవద్దని నా సలహా. అది 1874లో ఏర్పడిన మహిళా క్రైస్తవ మద్యనిషేధ సంఘం నుంచి 1919లో ఆమోదం పొందిన రాజ్యాంగ సవరణ దాకా దేశమంతటా పరుచుకున్న ఉద్యమం. దాని వెంట పడితే మీ వీధి మీకు కనబడకుండా పోతుంది.

ఇబ్బందిని ఎంచుకున్నాక దాన్ని కొలతల్లో చెప్పగలరేమో చూసుకోండి. "ఇళ్లు ఇరుకుగా ఉండేవి" అని రాస్తే చదివేవారికి ఏమీ కనిపించదు. న్యూయార్క్‌లో మామూలు ఇంటిస్థలం 25 అడుగుల వెడల్పు, 100 అడుగుల పొడవు ఉండేది. అందులో ఐదారు అంతస్తులు లేపి, అంతస్తుకు నాలుగు కుటుంబాలను పెట్టేవారు. కొత్త ఇళ్లలో ప్రతి గదికీ బయటి గాలి తగిలే కిటికీ ఉండాలని 1879 చట్టం ఆదేశించింది. బిల్డర్లు దానికి కట్టుబడ్డారు కూడా. పక్కపక్క భవనాల నడుములు కాస్త లోపలికి నొక్కి, మధ్యలో 28 అంగుళాల సందు వదిలి, కిటికీలను ఆ సందులోకి తెరిచారు. పైనుంచి చూస్తే భవనం డంబెల్ ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ ఇళ్లకు అదే పేరు స్థిరపడింది. కింది అంతస్తులకు ఆ సందులోంచి వెలుతురు దిగేది కాదు. పైవాళ్లు పారేసిన చెత్త మాత్రం దిగేది. నిప్పు అంటుకుంటే అదే పొగగొట్టంగా మారి మంటను పై అంతస్తుకు చేరవేసేది. చట్టం అమలైంది, గది మాత్రం చీకటిగానే ఉంది. ఈ ఒక్క సందును అర్థం చేసుకుంటే, 1901 చట్టంలో ఆవరణల వెడల్పుల గురించి అంత పట్టుదలగా ఎందుకు రాశారో వేరే ఎవరూ చెప్పనక్కరలేదు.

ఎవరు లెక్కపెట్టారో కనుక్కోవాలి

ఆ తరం సంస్కర్తల ప్రధాన ఆయుధం ప్రసంగం కాదు, సర్వే. 1900లో అద్దె ఇళ్ల సంస్కర్త లారెన్స్ వీలర్ న్యూయార్క్‌లో ఒక ప్రదర్శన ఏర్పాటు చేసి, లోయర్ ఈస్ట్ సైడ్‌లోని ఒక చదరాన్ని (నాలుగు వీధుల నడుమ ఉన్న ఇళ్ల సముదాయాన్ని) అట్టముక్కలతో నమూనాగా కట్టించి పెట్టాడు. ఆ ఒక్క చదరంలో 39 అద్దె భవనాలు, వాటిలో 2,781 మంది మనుషులు, వారందరికీ కలిపి 264 మరుగుదొడ్లు, వేడినీళ్లు వచ్చే కాపురాలు 40 మాత్రమే. మరుసటి ఏడాదే చట్టం వచ్చింది. అంతకు కొన్నేళ్ల ముందు, 1893లో, చికాగోలో సంస్కర్తలు పేదల మధ్య కాపురం ఉండి నడిపిన హల్ హౌస్ పరిసరాల్లో, అక్కడే ఉండే ఫ్లారెన్స్ కెల్లీ ఆధ్వర్యంలో ఇంటింటి సర్వే జరిగింది. కేంద్ర కార్మిక శాఖ నాలుగు నగరాల మురికివాడల మీద చేయించిన పరిశోధనలో అది భాగం. హల్ హౌస్‌వారు ఆ వివరాలను 1895లో రంగుల పటాలుగా ప్రచురించారు. వాటిలో ఒకటి ఏ ఇంట్లో ఏ దేశంనుంచి వచ్చినవారు ఉన్నారో చూపుతుంది, మరొకటి కుటుంబపు వారపు సంపాదన చూపుతుంది. వారానికి ఐదు డాలర్లు మించని కుటుంబానికి నలుపు, ఐదు నుంచి పది దాకా నీలం, ఇరవై దాటితే పసుపు. ఆ పటంలో పసుపు కోసం వెతుక్కోవాలి.

ఇలాంటి సర్వే చేతికి దొరికినప్పుడు అంకెలను నేరుగా ఎత్తిరాయకుండా మూడు సంగతులు చూసుకోవాలి: డబ్బు ఎవరు పెట్టారు, ప్రశ్నలు ఎవరు తయారుచేశారు, లెక్కకు ప్రమాణం మనిషా, కుటుంబమా, గదా, భవనమా. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1896లో నల్లజాతి సామాజిక శాస్త్రవేత్త డబ్ల్యు.ఇ.బి. డుబాయ్‌ను ఫిలడెల్ఫియా ఏడవ వార్డుకు పిలిపించింది. నల్లజాతివారిలోని లోపాలను వెదకడానికే తనను పిలిచారన్న అనుమానం ఆయనకు లేకపోలేదు. ఆయన మాత్రం ఇంటింటికీ తిరిగి వార్డులోని 9,675 మంది నల్లజాతివారి జీవితాన్ని నమోదు చేసి, నైపుణ్యం ఉన్నవారికి కూడా పని ఇవ్వకుండా తలుపులు మూసినదెవరో 1899లో అచ్చువేసి చూపించాడు. ప్రశ్న ఒకరిది, జవాబు మరొకరిది అయినప్పుడు ఆ పత్రాన్ని ఎంత జాగ్రత్తగా చదవాలో దీన్నిబట్టి తెలుస్తుంది. పిట్స్‌బర్గ్ సర్వేలో క్రిస్టల్ ఈస్ట్‌మన్ చేసిన పని ఇంకా నేరుగా ఉంటుంది. పిట్స్‌బర్గ్ ఉన్న అలెగెనీ కౌంటీలో ఒక ఏడాదిలో పని ప్రమాదాల్లో చనిపోయిన 526 మంది కేసులను ఒక్కొక్కటిగా తీసుకుని, తప్పు ఎవరిది, కుటుంబానికి ఎంత ముట్టింది అని ఆమె విచారించింది.

ఇంట్లో కూర్చునే చూడగలిగిన ఆధారాలు

ఆ కాలపు మూలపత్రాలు చాలావరకు అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయం వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. సాన్‌బోర్న్ సంస్థ అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం గీసిన నగర పటాలతో మొదలుపెట్టడం మేలు. వాటిలో గులాబీ రంగు ఇటుక కట్టడం, పసుపు కొయ్య కట్టడం. అంతస్తుల సంఖ్య, కిటికీలు కూడా గుర్తించి ఉంటాయి. మీరు ఎంచుకున్న వీధిలో పసుపు గడులు ఎన్నో లెక్కపెట్టుకుని తరువాత జనగణన పత్రాలకు వెళ్లండి. 1890 జనగణన పత్రాలు 1921లో జరిగిన అగ్నిప్రమాదంలో దాదాపు పూర్తిగా పోయాయి కాబట్టి, ఆ దశాబ్దానికి సర్వేలే దిక్కు. 1900, 1910 పత్రాలు మాత్రం చేతిరాతతో సహా ఉన్నాయి. ఒక భవనం చిరునామా కింద వరుసగా కుటుంబాలు, అద్దెకు చేరిన ఒంటరివాళ్లు, వయసు, పుట్టిన దేశం, చేసే పని కనిపిస్తాయి. తల్లులకు సంబంధించి అందులో రెండు గళ్లున్నాయి: కన్న పిల్లలు ఎందరు, బతికి ఉన్నవారు ఎందరు. పేజీ పొడవునా ఆ రెండు అంకెల తేడా మాత్రమే చూస్తూ కిందికి రండి. పాలు, నీళ్లు, మురుగు గురించి ఆడవాళ్లు ఎందుకంత గొడవ చేశారో ఆ గళ్లలోనే ఉంది.

ఫొటోల దగ్గర కొంచెం ఆగాలి. డెన్మార్క్ నుంచి వచ్చిన విలేకరి జేకబ్ రీస్ మెరుపుపొడి వెలిగించి రాత్రిపూట చీకటి గదుల్లో ఫొటోలు తీశాడు. 1890లో ఆయన పుస్తకం వెలువడ్డాక మల్బరీ బెండ్ అనే మురికివాడను కూల్చి, 1897లో అక్కడ పార్కు తెరిచారు. అయితే ఆయన రాతలో ఇటాలియన్లను, యూదులను, చైనావారిని జాతిపేరుతో చులకన చేసే వాక్యాలు తక్కువేమీ కాదు. బొమ్మను వాడుకుంటూ ఆ వాక్యాలను దాచిపెట్టడం నిజాయితీ అనిపించుకోదు. 1908 నుంచి జాతీయ బాల కార్మిక సంఘం కోసం పనిచేసిన లూయిస్ హైన్ పద్ధతి వేరు. లోపలికి రానివ్వని చోట ఏదో ఒక సాకు చెప్పి దూరి, పిల్లల ఎత్తును తన కోటు గుండీలతో కొలిచి, వయసు, జీతం, తేదీ జేబులో దాచిన కాగితం మీద రాసుకునేవాడు. ఆయన ఫొటోను బొమ్మగా కాక, కింద ఉన్న వివరణతో కలిపి ఒక వాంగ్మూలంగా చదవాలి.

చెత్తబండి వెంట

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో చూపడానికి నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ చికాగో 19వ వార్డు చెత్త. జేన్ ఆడమ్స్, ఎలెన్ గేట్స్ స్టార్ 1889 సెప్టెంబరులో హాల్‌స్టెడ్ వీధిలోని పాత బంగళాలో హల్ హౌస్ ప్రారంభించారు. లండన్‌లోని టాయిన్‌బీ హాల్‌ను చూసి, పేదల మధ్యనే కాపురం ఉండి వారితో కలిసి పనిచేయాలన్న ఆలోచనతో పెట్టిన ఇల్లు అది. ఇలాంటివాటినే సెటిల్‌మెంట్ హౌస్ అంటారు. ఇంటి చుట్టూ వీధుల్లో కొయ్య పెట్టెల నిండా చెత్త పొంగిపొర్లుతుండేది, వాటి చుట్టూ పిల్లలు ఆడుకునేవారు. హల్ హౌస్ మహిళా సంఘం సభ్యులు పన్నెండుమంది సందుల్లో తిరిగి, ఒక్క ఆగస్టు, సెప్టెంబరు నెలల్లోనే 1,037 ఉల్లంఘనలను ఆరోగ్య శాఖకు రాసి పంపారు. పెద్దగా ఫలితం లేదు. దాంతో ఆడమ్స్ వార్డు చెత్త ఎత్తే కాంట్రాక్టుకు తానే టెండరు వేసింది. సాంకేతిక కారణం చూపి దాన్ని తిరస్కరించారు గాని, ఆ గొడవ చూసి మేయర్ 1895లో ఆమెను ఏడాదికి వెయ్యి డాలర్ల జీతం మీద ఆ వార్డు చెత్త ఇన్‌స్పెక్టరుగా నియమించాడు.

ఉదయం ఆరింటికే లేచి, బండ్లు బయలుదేరాయో లేదో చూసి, వాటి వెంటే చెత్త పారబోసే చోటు దాకా వెళ్లడం ఆమె పని. కాంట్రాక్టరు మీద ఒత్తిడి తెచ్చి బండ్లను తొమ్మిది నుంచి పదమూడుకు, అక్కడి నుంచి పదిహేడుకు పెంచించింది. ఒక ఇరుకు వీధిలో పద్దెనిమిది అంగుళాల చెత్త తవ్వితే అడుగున పరిచిన బాట బయటపడింది. అక్కడ బాట ఉందన్న సంగతే అక్కడివారు ఎరగరు. మరణాల రేటులో నగరంలో మూడవ స్థానంలో ఉన్న వార్డు ఏడవ స్థానానికి దిగింది.

ఈ కథను సంస్కర్త విజయగాథగా రాసి ముగించాలనిపిస్తుంది. అలా చేయకుండా ఎదుటి పక్షాన్ని కూడా పిలవాలి. ఆ వార్డు ఆల్డర్‌మన్ (నగరసభకు ఎన్నికైన ప్రతినిధి) జానీ పవర్స్ నగరపాలక సంస్థలో కాంట్రాక్టులను, ఉద్యోగాలను తన చేతిలో పెట్టుకున్నవాడు. ఆయన్ని ఎన్నికల్లో ఓడించాలని హల్ హౌస్‌వారు ప్రయత్నించి విఫలమయ్యారు. ఎందుకు విఫలమయ్యారో ఆడమ్స్ తానే విశ్లేషించి రాసింది: శవపేటికకూ పెళ్లికానుకకూ డబ్బిచ్చేవాడు, పని ఇప్పించేవాడు, జైలు నుంచి విడిపించేవాడు వార్డువారి కళ్లకు అవినీతిపరుడిలా కాక మంచి పొరుగువాడిలా కనిపిస్తాడు. సంస్కర్త రాసిన పత్రాల్లో తన ఓటమి గురించి రాసుకున్న పేజీలే అన్నిటికన్నా నమ్మదగినవని నా అభిప్రాయం. హల్ హౌస్‌లోనే ఉన్న డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1902లో ఆ వార్డులో టైఫాయిడ్ ప్రబలినప్పుడు ఈగలు పట్టి పరీక్షించి, వాటివల్లే రోగం వ్యాపించిందని ప్రచురించింది. దానికి ఎంతో పేరు వచ్చింది. పంపింగ్ స్టేషన్ వద్ద మురుగునీరు మంచినీటి గొట్టాల్లో కలవడమే అసలు కారణమని ఆమెకు తరువాత తెలిసింది, ఆ సంగతినీ ఆమే తన ఆత్మకథలో ఒప్పుకుంది.

తనిఖీ, ఆ తరువాత కోర్టు

చట్టం పేరు దొరకగానే అడగవలసిన ప్రశ్న: దీన్ని అమలుచేయడానికి ఎందరు మనుషులను పెట్టారు? 1893 ఇల్లినాయ్ చట్టం 14 ఏళ్లలోపు పిల్లలను ఫ్యాక్టరీ పనిలో పెట్టుకోరాదనీ, ఆడవాళ్లకు రోజుకు ఎనిమిది గంటలే పని ఉండాలనీ చెప్పింది. రాష్ట్రం మొత్తానికి ఒక ప్రధాన ఇన్‌స్పెక్టరు, ఒక సహాయకుడు, పదిమంది డిప్యూటీలు. ఆ పదిమందిలో ఐదుగురు స్త్రీలు ఉండాలి. గవర్నర్ ఆల్ట్‌గెల్డ్ ఫ్లారెన్స్ కెల్లీని ప్రధాన ఇన్‌స్పెక్టరుగా నియమించాడు. ఫొటో చట్రాలకు పూత పూసే విషద్రవం వల్ల చేయి చచ్చుబడిన 11 ఏళ్ల పిల్లవాడి కేసు పట్టుకుని ఆమె ప్రభుత్వ న్యాయవాది కార్యాలయానికి వెళ్తే, తనకున్న కేసుల మధ్య దీన్ని రెండేళ్లకు గాని చేపట్టలేనని అక్కడి యువ అధికారి చెప్పాడు. మర్నాడే ఆమె న్యాయ కళాశాలలో చేరింది. 1895లో పట్టా పుచ్చుకుంది. అదే ఏడాది రాష్ట్ర సుప్రీంకోర్టు ఎనిమిది గంటల నిబంధనను కొట్టివేసింది. 1897లో కొత్త గవర్నర్ ఆమెను పదవి నుంచి తొలగించాడు. చట్టం పుస్తకంలో 1893 అనే ఒక్క సంవత్సరం చూసి సరిపెట్టుకున్నవారికి ఈ నాలుగేళ్లు కనిపించవు.

కోర్టు తీర్పులను చదవడానికి జంకనవసరం లేదు; అవి తరచు పదిపదిహేను పేజీలే ఉంటాయి, అవతలి పక్షపు వాదన అంత స్పష్టంగా ఇంకెక్కడా దొరకదు. అద్దె గదుల్లో చుట్టలు చుట్టే పనిని నిషేధించిన చట్టాన్ని న్యూయార్క్ అప్పీళ్ల కోర్టు (ఆ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం) 1885లో రద్దు చేస్తూ, మనిషి తన ఇంట్లో తన వృత్తి చేసుకునే స్వేచ్ఛను హరించరాదంది. రొట్టెల బట్టీల్లో వారానికి 60 గంటలకు మించి పనిచేయించరాదన్న నియమాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1905లో లాక్‌నర్ కేసులో కొట్టివేసింది. 1908లో మల్లర్ కేసులో మాత్రం అదే కోర్టు ఆరెగన్ రాష్ట్రం ఆడవాళ్లకు పెట్టిన పది గంటల పరిమితిని సమర్థించింది. రాష్ట్రం తరఫున న్యాయవాది లూయీ బ్రాండైస్, పరిశోధకురాలు జోసెఫీన్ గోల్డ్‌మార్క్ వంద పేజీలు దాటిన వాదపత్రం సమర్పించారు. అందులో న్యాయసూత్రాలకు రెండు పేజీలే సరిపోయాయి, మిగతాదంతా డాక్టర్లు, ఇన్‌స్పెక్టర్లు నమోదు చేసిన వివరాలే. సర్వే కోర్టులోకి అడుగుపెట్టిన రోజు అది. అయితే ఆ గెలుపుకు ఆధారం ఆడవాళ్లు బలహీనులన్న వాదన కావడం వల్ల దాని మీద స్త్రీవాదుల్లో చర్చ చాలాకాలం నడిచింది. మరుగుదొడ్ల విషయంలో 1901 చట్టాన్ని ఎదిరించిన ఒక న్యూయార్క్ ఇంటి యజమానురాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1906లో ఓడిపోయింది.

తేదీలను పక్కపక్కన పెట్టి చూడడం కూడా ఒక పద్ధతే. పని ప్రమాదాలకు యజమాని పరిహారం ఇవ్వాలన్న న్యూయార్క్ చట్టాన్ని అప్పీళ్ల కోర్టు 1911 మార్చి 24న కొట్టివేసింది. మర్నాడు సాయంత్రం ట్రయాంగిల్ బ్లౌజుల ఫ్యాక్టరీలో మంటలు లేచి 146 మంది చనిపోయారు. పని ఎనిమిది, తొమ్మిది, పది అంతస్తుల్లో జరిగేది, అగ్నిమాపక దళం నిచ్చెన ఆరో అంతస్తు దాకానే అందింది, తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. యజమానులు విచారణలో నిర్దోషులుగా బయటపడ్డారు. రాష్ట్ర శాసనసభ నాయకులు రాబర్ట్ వాగ్నర్, అల్ స్మిత్ నడిపిన విచారణ సంఘం మాత్రం ఎన్నో ఫ్యాక్టరీలు తిరిగి, ముప్పైకి పైగా చట్టాలకు దారి వేసింది. పరిహారం కోసం 1913లో రాష్ట్ర రాజ్యాంగాన్నే సవరించవలసి వచ్చింది.

రాయని గొంతులు

సంస్కర్తలు బాగా రాసేవారు, కనుక వారి మాటే మనకు మిగిలింది. ఎవరికోసం ఆ పని జరిగిందో వారి మాటకు విడిగా వెతకాలి. ట్రయాంగిల్ మంటకు 16 నెలల ముందు, 1909 నవంబరు 22న, న్యూయార్క్‌లోని కూపర్ యూనియన్ భవనంలో జరిగిన కార్మికుల సభలో పెద్దలు గంటలకొద్దీ మాట్లాడుతుండగా, బట్టల ఫ్యాక్టరీ కార్మికురాలు క్లారా లెమ్లిక్ లేచి సమ్మె చేద్దామని యూదుల యిద్దిష్ భాషలో ప్రతిపాదించింది. సుమారు ఇరవై వేలమంది, ఎక్కువగా యూదు, ఇటాలియన్ అమ్మాయిలు, పని మానేశారు. చాలా ఫ్యాక్టరీలు కార్మిక సంఘాన్ని గుర్తించాయి, ట్రయాంగిల్ గుర్తించలేదు. ఈ సమ్మె లేకుండా అగ్నిప్రమాదం గురించి రాస్తే, చనిపోయినవారు అప్పటిదాకా నోరు విప్పనివారన్న తప్పుడు అభిప్రాయం కలుగుతుంది. సెటిల్‌మెంట్ హౌస్‌లలో అత్యధికం తెల్లజాతి వలసదారులకే పనిచేశాయి; నల్లజాతివారు తమ సంస్థలను తామే కట్టుకోవలసి వచ్చింది. చికాగోలో నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్ 1910లో నెలకొల్పిన నీగ్రో ఫెలోషిప్ లీగ్ అలాంటిదే. మీరు ఎంచుకున్న వార్డులో యిద్దిష్, ఇటాలియన్, పోలిష్ పత్రికలు లేదా నల్లజాతివారి పత్రికలు ఏవి వెలువడేవో చూసి, అనువాదం దొరికినంతవరకైనా వాడండి.

రాయడానికి కూర్చున్నప్పుడు మొదటి పేరాలో గదిని పెట్టండి: చిరునామా, కొలత, అందులో ఉన్నవారి సంఖ్య. ఆ తరువాత లెక్కపెట్టినవారు, ప్రచారం చేసినవారు, అడ్డుపడినవారు వారి వంతు వచ్చినప్పుడు వస్తారు. చివరి పేరా కోసం అదే చిరునామాను పదేళ్ల తరువాతి జనగణనలోనూ, తరువాతి సాన్‌బోర్న్ పటంలోనూ మళ్లీ వెతకాలి. 1901 చట్టం ప్రధానంగా కొత్త భవనాలకు వర్తించింది గనుక, న్యూయార్క్‌లో ఎంచుకున్న ఇల్లయితే 1910లో కూడా ఆ 28 అంగుళాల సందు అక్కడే ఉండే అవకాశం ఎక్కువ. పెరట్లోని మరుగుదొడ్డి పోయి ఇంటి లోపలికే అది వచ్చి ఉండవచ్చు, లోపలి గది గోడకు కిటికీ తెరిచి ఉండవచ్చు. ఏది మారిందో, ఏది మారలేదో రెండూ రాయండి.